ఉడికినా చావని ఎంజైము

నేను ఒక ఎంజైమును. రైబోన్యూక్లియేజ్ అని నోరు తిరగని పేరు పెట్టారు నాకు. పని మాత్రం చిన్నదే. ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే ముక్కలు చేయడం. పుట్టిన దగ్గర్నుంచి అదే పని. సెలవు లేదు, పదోన్నతి లేదు, బాగా చేశావని అన్న పాపాన ఎవరూ పోలేదు. విసుగొచ్చేసింది.

నన్ను కన్నది ఒక బూజు. తిండి మీద కనబడగానే మీరు ముఖం చిట్లించి పారేస్తారే, దానికి దగ్గరి చుట్టం. పక్కన చచ్చిపడున్న కణాల ఆర్‌ఎన్‌ఏని నమిలి తినడానికి దానికి నోరు లేదు. అందుకని నన్ను తయారుచేసి బయటికి వదిలింది. నూట నాలుగు అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన దండను నేను. ఎవరూ మడవకుండానే ఆ దండ తనంతట తానే ముడుచుకుంటుంది. ఒకవైపు మెలికలు తిరిగి, ఇంకోవైపు పలకలా పరుచుకుని, మధ్యలో ఒక గాడి మిగులుతుంది. నా బతుకంతా ఆ గాడిలోనే ఉంది. ఆర్‌ఎన్‌ఏ పోగు అక్కడికొచ్చి పడితే, దాని నాలుగు అక్షరాల్లో ‘జి’ అనే ఒక్క అక్షరాన్నే పట్టుకుంటాను. మిగతా మూడింటి జోలికి పోను.

నిజం చెప్పాలంటే నేను కోసేదేమీ లేదు. ఆర్‌ఎన్‌ఏ పోగులో ప్రతి చక్కెరకూ ఒక ఆక్సిజన్ చేయి ఊరికే వేలాడుతుంటుంది. నా గాడిలోని గ్లుటమిక్ ఆమ్లం ఆ చేతి నుంచి ఒక హైడ్రోజన్‌ను లాగేస్తుంది. దాంతో రెచ్చిపోయి ఆ చేయి తన పోగునే పట్టి తెంపుకుంటుంది. తెగిన కొసకు ఎదురుగా ఉన్న హిస్టిడిన్ ఇంకో హైడ్రోజన్ ఇచ్చి సాగనంపుతుంది. వాళ్ళ వేలితో వాళ్ళ కన్నే పొడిపించడమంటారు చూడండి, అదీ నా వృత్తి. డీఎన్‌ఏకి ఆ వేలాడే చేయి లేదు. అది నా పక్కనే నిశ్చింతగా పడుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, కథంతా దాని మీదే నడిచింది కనుక. నా దండకు రెండు చోట్ల గంధకంతో గట్టి కుట్లు పడ్డాయి. నీళ్ళలో వేసి మరిగిస్తే విచ్చుకుపోతాను. చల్లారగానే ఆ కుట్ల ఆసరాతో మళ్ళీ ముడుచుకుని, అదే గాడితో, అదే పనికి సిద్ధమవుతాను. చావడం కూడా చేతకాని బతుకు.

ఒక కంపెనీ వాళ్ళు ఆ బూజును తొట్లలో పెంచి, నన్ను వడగట్టి, సీసాకెత్తి అమ్మారు. మంచు పెట్టెలో ప్రయాణం చేసి అనంతపురం వైపున్న ఒక విశ్వవిద్యాలయం లాబొరేటరీకి చేరాను. అక్కడొక పరిశోధకుడు నన్ను వేలి కణుపంత ప్లాస్టిక్ ట్యూబులో వేసి, కొన్నాళ్ళు వాడుకుని, పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయాడు. ట్యూబు కడిగే బకెట్లో పడింది. నేనూ నాతోటి లక్షలమందీ దాని గోడకే కరుచుకుని ఉండిపోయాం.

అలాంటి ట్యూబులను ఒకసారి వాడి పారేయాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఈ లాబులో ఎవరూ పారేయరు. అందరూ ఓబిలేసు అని పిలిచే పెన్నోబిలేసు ఊరుకోడు. పంతొమ్మిదేళ్ళుగా రోజుకూలీ మీద అక్కడ గాజుసామాను కడుగుతున్న మనిషి. “బంగారమట్లా వస్తువును పారేసేకి మనసెట్లొప్పుతుంది?” అంటూ ప్రతి ట్యూబునూ సబ్బునీళ్ళతో కడిగి, గిన్నెలో ఉడకబెట్టి, ఎండలో ఆరబెట్టేవాడు. ఆ ఒక్క గిన్నెలో కలిసి ఉడకడంతో మావాళ్ళు అన్ని ట్యూబులకూ పంచుకున్నారు.

వేరుశనగకు వచ్చే మొవ్వుకుళ్ళు వైరస్ మీద వన్నూరమ్మ అనే అమ్మాయి పరిశోధన చేస్తుండేది. ఆకు నూరి, అందులోంచి ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏని తెగకుండా తీయాలి. జెల్ అనే మెత్తటి పలకలో పరిగెత్తించి, వెలుతురు పెట్టి చూస్తే క్షేమంగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ సన్నటి గీతలుగా కనబడుతుంది, ముక్కలైతే అడుగున మసకమరక. ఏడు నెలల్లో పదకొండుసార్లు చేసింది. పదకొండుసార్లూ మరకే. ఆ డిపార్ట్‌మెంటులో ఒక నమ్మకముంది, వైద్యుడికి ఉన్నట్టే ఆర్‌ఎన్‌ఏ తీసేవాళ్ళకూ హస్తవాసి ఉండాలని. అంతంత చదువులు చదివి కూడా ఆ మాట ఎవరికీ నవ్వుగా తోచలేదు.

“అందరి చేతికీ రాదులే వన్నూరమ్మా,” అన్నారు ఆమె గైడు తిప్పేస్వామి సారు. “ఈ నెలాఖరు వరకూ చూస్తా. రాకపోతే వైరస్ పని ఇంకొకరికి ఇచ్చేస్తా. నువ్వు ఇంకేదన్నా చూసుకో.”

తక్కినవాళ్ళంతా సారు బీరువాలోంచి కొత్త ట్యూబులు అడిగి తెచ్చుకునేవారు. వన్నూరమ్మ అడిగేది కాదు. ఆ లాబులో ఓబిలేసును మామా అని పిలిచేది ఆమె ఒక్కతే. అందుకని ఆయన ఆమె కోసం ఒక డబ్బా విడిగా ఉంచేవాడు. “నీ గొట్టాలు మూడు తూర్లు ఉడకబెట్టినా పాపా. ఏ పురుగూ బతకదు, చూడు,” అనేవాడు. ఆ మాట విని నేను సిగ్గుపడ్డాను. నేను పురుగును కాను. చావడానికి నాకు ప్రాణమే లేదు.

ఒక మధ్యాహ్నం ఆమె తన చేతులను ఎంతోసేపు చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి పక్క డిపార్ట్‌మెంటుకు వెళ్ళి రెండు కొత్త ట్యూబులు, వాళ్ళు తీసి ఉంచిన మంచి ఆర్‌ఎన్‌ఏ కొంచెం అడిగి తెచ్చింది. ఆ ఆర్‌ఎన్‌ఏని కొంచెం వాటిలో, కొంచెం ఓబిలేసు ట్యూబుల్లో పోసి గంటసేపు ఊరికే ఉంచింది. కొత్తవాటిలో గీతలు అట్లాగే ఉన్నాయి. మా ట్యూబుల్లో మరక. ఆమె ఏడ్చింది. తన చేయి మంచిదేనని తెలిసినందుకో, తప్పు మామ ఉడకబెట్టిన ట్యూబులదని తేలినందుకో నాకు తెలియదు.

మర్నాడు డెప్క్ అనే మందు కలిపిన నీళ్ళు బకెట్లో పెట్టి, “కొత్త రూలు మామా, అన్నీ ఒక పూట దీంట్లో నానబెట్టల్ల. తర్వాత ఉడకబెట్టు,” అని మాత్రం చెప్పింది. ఆ మందు వచ్చి నా హిస్టిడిన్‌కు అంటుకుంది. గాడి ఉంది, పట్టూ ఉంది, కోత మాత్రం పోయింది. నొప్పి ఏమీ లేదు. హమ్మయ్య అనిపించింది.

పన్నెండోసారి ఆమె నేనున్న ట్యూబులోనే ఆర్‌ఎన్‌ఏ తీసింది. అది నా గాడిలోకి వచ్చింది, కాసేపుంది, తెగకుండా వెళ్ళిపోయింది. జెల్ మీద నిండు గీతలు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుంది.

“వచ్చె గదా!” అన్నారు సారు సంతోషంగా. “చూసినావా, హస్తవాసి కుదిరింది. ఇంతకూ తప్పు యాడ జరుగుతా ఉండిందో తెలిసిందా?”

సింకు దగ్గర ఓబిలేసు బ్రష్షు ఆగింది. సారుకు కోపమొస్తే ముందు పోయేది రోజుకూలీ వాళ్ళ పనేనని ఆ గదిలో అందరికీ తెలుసు. వన్నూరమ్మ నోట్‌బుక్కు మూసేసింది.

“నా చేతిదే సార్. గ్లౌజులు సరిగ్గా మార్చుకునేదాన్ని కాదు.”

“నేను ముందే అంటి గదా,” అని సారు వెళ్ళిపోయారు.

ఓబిలేసు చేతులు తుడుచుకుంటూ వచ్చి, మందు నీళ్ళ బకెట్ వైపు చూసి, ఆమె వైపు చూశాడు. “అది నా గొట్టాలదే కదా పాపా. ఎందుకట్ల చెప్తివి?”

“నేను రెండేండ్లలో పట్టా తీసుకుని పోతా మామా. నువ్వు ఉండల్ల గదా,” అంది.

ఆయన ట్యూబులు ఒక్కొక్కటే తీసి మందు నీళ్ళలో ముంచడం మొదలుపెట్టాడు. తప్పు ఆ అమ్మాయి చేతిదీ కాదు, ఆయన గిన్నెదీ కాదు, నాది. ఒప్పుకుందామంటే నన్ను అడిగినవాళ్ళు లేరు.