సెన్యో అన్న పోస్టరు

సెన్యో అన్న చనిపోయాడని హో పట్టణమంతా నమ్మిందంటే తప్పు నాదే. పోస్టరు అచ్చేసినవాణ్ణి కూడా నోరారా తిట్టాననుకోండి, అది వేరే సంగతి.

సెన్యో అన్న హో నుంచి రాజధాని అక్రాకి వ్యాను నడుపుతాడు. ఎనిమిదేళ్ల కిందట ఆయన భార్య మెదడులో గడ్డతో పోయింది. కళ్లజోడు మారిస్తే తగ్గుతుందని ఎవరో చెబితే నమ్మి ఏడాది పోగొట్టుకున్నారు. అప్పటినుంచి మిగతా వ్యానుల్లో పాస్టర్లు ప్రార్థన చేస్తుంటే ఈయన వ్యానులో ఈయనే ఉపన్యాసం మొదలుపెడతాడు. "పొద్దున్నే తలనొప్పి, దాంతోపాటు వాంతి, ఒకటి రెండుగా కనబడ్డం. ఇవుంటే మందుల షాపు చుట్టూ తిరక్కండి, పెద్దాసుపత్రికి పదండి, నేను తీసుకెళ్తా." దిగేటప్పుడు చందా డబ్బా చాపుతాడు. ఆ డబ్బా పుణ్యమా అని పదకొండు మందికి ఆపరేషన్లు అయ్యాయి. వాళ్లలో మా తమ్ముడొకడు.

అందుకే నేను కుట్టుపని చేసుకుంటూనే మెదడు గడ్డ రోగుల సంఘానికి కార్యదర్శినయ్యాను. ఏటా ఒకరిని సన్మానిస్తాం. ఈసారి సెన్యో అన్నే అని అందరూ ఒక్క మాటగా అన్నారు. సభ శనివారం. పోస్టరు పని నా నెత్తిన పడింది.

బస్టాండు పక్క అచ్చు షాపువాడికి పదింట తొమ్మిది పోస్టర్లు చావులవే. "నిండుగా, గౌరవంగా వెయ్యి," అన్నాను. "నమూనా చూసి పో అక్కా," అన్నాడు. "నాకంత తీరికెక్కడిది, నీకు తెలియని పనా?" అన్నాను. వాడికి తెలిసిన పనే చేశాడు. నిలువెత్తు ఫొటో, వెనక మబ్బులు, రెండు తెల్ల పావురాలు, చుట్టూ నల్ల అంచు. పైన 'ఘనమైన జీవితానికి వందనం' అని చేతి మందాన అక్షరాలు. సన్మానం అన్న ముక్క అడుగున ఎక్కడో చీమ తలంత ఉంది.

శుక్రవారం తెల్లారేసరికి ఊళ్లో గోడలన్నిటి మీదా ఆయనే. ఎనిమిదింటికల్లా నలుగురు చావుకి కట్టే ఎరుపు, నలుపు బట్టలు పట్టుకుని నా షాపుకొచ్చారు, రేపటికల్లా కుట్టిమ్మని. ఆయన ఫోను మోగడం లేదు. బండి నడిపేటప్పుడు ఎప్పుడూ కట్టేస్తాడు.

మధ్యాహ్నం ఆయన బస్టాండులో దిగితే, ఎండుచేపలమ్మే ముసలమ్మ తట్ట కింద పడేసి పరుగు తీసింది. నేను పరుగున చేరేసరికి ఆయన పోస్టరు ముందు నిలబడి తీరిగ్గా చూస్తున్నాడు.

"ఫొటో బాగుందమ్మా ఎసినామ్. బతికుండగా నేనింత బాగా ఎప్పుడూ లేను."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలో పక్క ఊరు త్సిటో నుంచి ఫోను. వడ్రంగి అగ్బెకో మాస్టారి భార్య. ఆయన తలలోనూ గడ్డ ఉంది. మంగళవారం అక్రాలో ఆపరేషన్. శనివారమే చేరకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి కబురొచ్చిందట. కత్తి అంటేనే వణికే మనిషి, సెన్యో అన్న ఆ గది తలుపు దగ్గరే కూర్చుంటానని మాటిచ్చాకే ఒప్పుకున్నాడు.

"పోస్టరు కబురు విని సంచి విప్పేశాడమ్మా. తీసుకెళ్లేవాడే పోయాక నేనెందుకెళ్లాలి అంటున్నాడు. నువ్వు చెప్పినట్టు సెన్యో బతికే ఉన్నాడంటే, నన్ను బండెక్కించడానికి ఆడాళ్లంతా కలిసి ఆడే నాటకం అంటున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టినా తోసేస్తున్నాడు."

అదే వ్యానులో బయల్దేరాం. నా తొందరపాటు ఒక మనిషి ప్రాణం మీదకి తెచ్చింది.

మాస్టారు కొట్టంలో మా వైపు వీపు పెట్టి మేకులు కొడుతున్నాడు. ముందు శవపేటిక, సగం పైగా అయింది.

"ఎవరికి మాస్టారూ?" అన్నాడు సెన్యో అన్న.

"సెన్యోకి. డబ్బు తీసుకోను," అని తిరిగి చూశాడు. సుత్తి జారిపోయింది. వచ్చి ఆయన మొహం, భుజాలు తడిమి చూసి చెక్కల మీద కూలబడ్డాడు. "పొద్దుట్నించీ ఏడుస్తూ కొడుతున్నానురా వెధవా."

సెన్యో అన్న చెప్పులు విప్పి పెట్టెలోకి దిగి పడుకున్నాడు. మాస్టారి భార్య వద్దు వద్దంటూ చెంపలేసుకుంది.

"మాస్టారూ, ఎడం భుజం పట్టట్లేదు."

"కొలిచే చేశాను. నా కొలత తప్పదు."

"మీరే చూడండి."

మాస్టారు వంగి ఎడమ పలక మీద బొటనవేలు నడిపించాడు. పలక మూడు వేళ్ల మేర లోపలికి ఒరిగి ఉంది. మేకులు సగం గాల్లోకి దిగాయి. నలభై ఏళ్లుగా వెంట్రుకవాసి తేడా రాని చెయ్యి అది. మళ్లీ నడిపించాడు. మళ్లీ.

"ఇది నేను చేశానా?"

"మీరే. మీకు ఎడం పక్క కనబడ్డం లేదు. ఇన్నాళ్లూ నేను చెబుతున్నది అదే," అన్నాడు సెన్యో అన్న, పెట్టెలో పడుకునే.

మాస్టారు కిందపడ్డ సుత్తిని తీసి గోడకి తగిలించాడు. "తలుపు దగ్గర్నుంచి కదలవు కదా?"

"ఎక్కడికి పోతాను? ఊళ్లో అందరి లెక్కలో నేను పోయినవాణ్ణే."

మాస్టారు భార్య వైపు తిరిగాడు. "సంచి సర్దు."

"మరి రేపటి సభ?" అన్నాను నేను, నోరు ఊరుకోక.

"ఊళ్లో ఒక్క గోడ వదలకుండా సన్మానించావు కదమ్మా, చాల్లే."

శనివారం ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. సన్మానపత్రం నేనే చదివాను. పోస్టరు తప్పు కూడా దాచకుండా చెప్పాను. ఏడవడానికి ఎరుపు, నలుపు కట్టుకొచ్చినవాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మంగళవారం సాయంత్రం సెన్యో అన్న ఫోను చేశాడు. ఆరు గంటలు ఆ తలుపు దగ్గరే ఉన్నాడట, నీళ్లకి కూడా లేవలేదట.

"మాస్టారు కళ్లు తెరిచాడు. నన్ను చూసి మొదటి మాట ఏమన్నాడో తెలుసా? ఎడం పలక విప్పి మళ్లీ కొడతాడట."

"నువ్వేమన్నావన్నా?"

"తొందరేం లేదన్నాను."