మ్యాపు మీద ఆకుపచ్చ చుక్క

ఎలియాజరు గారి మనవరాలు ఏనీ చదివే స్కూలుకి ఎనిమిది పాయింట్ ఒకటి. మా మనవరాలు వర్ష చదివే స్కూలుకి అయిదు పాయింట్ మూడు. రెండిటికీ మధ్య ఒక రోడ్డు, ఒక ట్రాఫిక్ లైటు. ఆరో క్లాసులో పిల్లలకు పెట్టే పరీక్షను బట్టి బడికి పదికి ఇంతని ఈ అంకెలు వేస్తారని మా అబ్బాయి నర్సింహ చెప్పాడు. ఎలియాజరు గారు పొద్దున్నే ఆ లైటు దగ్గర కలిసేవారు. ముందు అంకె చెప్పి, తరువాతే చలి గురించి మాట్లాడేవారు.

"ఎనిమిది పాయింట్ ఒకటండీ లింగయ్య గారూ! ప్రభువు కృప. మీ వైపు ఇంకా పోర్టబుల్ గదులేనా?"

మా వైపు పోర్టబుల్ గదులే. స్కూలు నిండిపోయి, ఆటస్థలంలో రేకుల గదులు దించారు. కెనడాలో ఈ బ్రాంప్టన్ ఊళ్లో మా వీధి పొడుగునా ప్రతి ఇంటి బేస్‌మెంటులో ఒక కుటుంబం అద్దెకుంటుంది. మేమూ అంతే. నిన్నమొన్న విమానం దిగిన పిల్లలు, ఇంగ్లీషు ఇంకా నోటికి రాని పిల్లలు, అందరూ ఆ ఒక్క బడికే వస్తారు. అంకె ఎక్కడ నుంచి పెరుగుతుంది? నేను "అవునండి" అని ఊరుకునేవాణ్ణి. ఇంటికి వచ్చి టీ తాగుతూ కూడా ఆ అంకెనే తలుచుకునేవాణ్ణి.

ఇక్కడ ఇంటి అడ్రసును బట్టే బడి ఇస్తారు కాబట్టి, ఒకసారి నర్సింహను అడిగాను. "మనోళ్లు ఎవరన్నా రోడ్డు అవతల ఉంటే వాళ్ల అడ్రసు పెట్టరాదురా?"

"దొంగ అడ్రసు నేను పెట్టను బాపూ. వర్ష మంచిగనే చదువుతుంది. ఫస్టు వస్తుంది కదా."

అయిదు పాయింట్ మూడులో ఫస్టు. నేను మళ్లీ అడగలేదు.

జనవరిలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఎలియాజరు గారు చెత్తబుట్ట లాగుతూ కనిపించారు. నన్ను చూసి ఆగిపోయారు.

"ఓనరు ఇల్లు అమ్మేశాడండీ. ఈ బేస్‌మెంటు దొరికింది. ఏనీ స్కూలు మాత్రం మార్చలేదు, పాత అడ్రసే ఉంచాం. మీ కడుపులో పెట్టుకోండి."

"అట్లనే" అన్నాను. ఆ మాట మర్నాటికే నాలో ముల్లయింది. మా అబ్బాయి తప్పని మానేసిన పని వాళ్లబ్బాయి చేశాడు. పైగా మర్నాడు లైటు దగ్గర ఆయన మళ్లీ ఎనిమిది పాయింట్ ఒకటి అన్నారు.

ఫిబ్రవరిలో స్కూలు బోర్డువాళ్లు మీటింగు పెట్టారు. మా బడిలో పిల్లలు పట్టడం లేదు కాబట్టి, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో ఆ గీత మళ్లీ గీస్తారట. కొడుకులు, కోడళ్లు డ్యూటీల్లో ఉన్నారు. ముసలివాళ్లమే వెళ్లాం. జిమ్ గోడకు పెద్ద మ్యాపు అంటించి ఉంది. ఇంటికొక రంగు స్టిక్కరు చుక్క ఇస్తారు. రోడ్డు అవతలి బడి పిల్లలకు ఆకుపచ్చ, మా బడి పిల్లలకు ఎరుపు. ఎవరి ఇంటి మీద వాళ్లు అంటించాలి. బోర్డు తరఫున పద్మిని అనే తెలుగు ఆవిడ చుక్కలు పంచుతోంది.

ఎలియాజరు గారు పచ్చ చుక్క తీసుకుని, పాత ఇంటి మీద అంటించి, బొటనవేలితో రెండుసార్లు అదిమారు.

"అంకుల్, మీ పాప ఏ స్కూలు?" పద్మిని నన్ను అడిగింది.

నేను ఆకుపచ్చ కాగితం వైపు వేలు చూపించాను. ఆవిడ ఒక చుక్క ఊడదీసి నా వేలికి అంటించింది.

మా వీధి మ్యాపులో కొడవలిలా వంగి ఉంటుంది. పోస్టు డబ్బాల నుంచి ఏడో ఇల్లు. లెక్కపెట్టి, ఎలియాజరు గారి బేస్‌మెంటు మీద అంటించి, వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాను. ఆ వైపంతా ఎర్ర చుక్కలే. వాటి మధ్య అదొక్కటే పచ్చగా ఉంది.

కాసేపటికి పద్మిని మ్యాపు దగ్గర ఆగింది. "ఇదేంటి, గీతకి ఇవతల పచ్చ చుక్క?" అంటూ ఇంటి నంబరు రాసుకుంది. ఎలియాజరు గారు తల దించుకుని షూ లేసు కట్టుకోవడం మొదలుపెట్టారు. చాలాసేపు కట్టుకున్నారు.

అద్దె కాగితాలు చూపించమని వాళ్లింటికి ఉత్తరం వచ్చింది. మార్చి సెలవులు అయ్యాక ఏనీ మా బడికి మారింది.

"తాతా, ఏనీ ఈజ్ ఇన్ మై క్లాస్!" అని వర్ష గెంతింది. నాకు ఆ పూట అన్నం సహించింది. ఇక లైటు దగ్గర అంకె చెప్పేవాళ్లు లేరు.

ఆ సుఖం మూడు వారాలే. సైన్సు ప్రాజెక్టుల్లో ఏనీది ఫస్టు వచ్చింది. టీచరు దాన్ని క్లాసు తలుపుకి అంటించింది. మా వర్ష సెకండు. వర్ష నవ్వుతూనే చెప్పింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లను మా బడికి తెచ్చింది నేనే.

మర్నాడు పిల్లలిద్దరూ ముందు నడుస్తున్నారు. ఎలియాజరు గారు నా పక్కన వస్తున్నారు.

"ఆ రోజు మ్యాపులో మీ ఇల్లు వెతికానండీ," అన్నారు. "మీ ఇంటి మీద ఏ చుక్కా లేదు."

నేను రోడ్డు వైపు చూశాను.

"ఇంటికొకటే ఇచ్చారు కదండీ" అన్నారు.

"అవునండి" అన్నాను.

ఆయన కోపగించుకుంటారని చూశాను. చేతి తొడుగు తీసి కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ముందు మంచు గడ్డకట్టి ఉంది. ఇటు గడ్డి మీదికి రండి" అని నా మోచెయ్యి పట్టుకున్నారు.

పట్టుకుని దాటించారు. ఆయన స్థానంలో నేనుంటే ఆ చెయ్యి పట్టేవాణ్ణి కాదు. అది తెలిసి, ఆయన మీద మళ్లీ కుళ్లు పుట్టింది.