నేను పోయానని రాయమ్మా

"ఆ మాఫీ వీళ్లు ఎప్పుడో వాడేసుకున్నారు మేడమ్," అన్నాడు ఆఫీసరు, కంప్యూటరు తెర నావైపు తిప్పి.

ఏళ్ల తరబడి వేళకు పన్ను కట్టినవాళ్లు మొదటిసారి తప్పితే, కారణం అడక్కుండానే జరిమానా మాఫీ చేస్తారు. కానీ ఆ అవకాశం ఒక్కసారే. లాండ్రీ షాపు నడిపే ఈ అమ్మాయిని ఆ ధీమాతోనే వెంటబెట్టుకొచ్చాను. తీరా చూస్తే, నాకంటే ముందు వీళ్లకి ఆడిటరుగా ఉన్న మహానుభావుడు టీ ఖర్చంత జరిమానాకి దాన్ని ఖర్చుపెట్టేశాడు. జేబులోంచి తీసి కడితే పోయేదానికి! ఎదురుగా ఉంటే వాడి చెంప పగలగొట్టేదాన్ని.

"ఇక గట్టి కారణం చూపించాల్సిందే. రోగమో, చావో, అగ్నిప్రమాదమో. భోజనాల వేళకి ఫైలు పైకి పంపేస్తాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు, మిషన్లు జప్తు చేస్తారు," అన్నాడు ఆఫీసరు.

మిషన్లు పోతే షాపు లేదు. షాపు లేకపోతే వాళ్లకి తిండి లేదు. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడ్డాం. అమ్మాయి అత్తగారు అక్కడే చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"రిటర్నులు ఎందుకు వేయలేదో ఇప్పుడైనా చెప్పి పుణ్యం కట్టుకో," అన్నాను.

"కుదర్లేదు మేడమ్."

"కుదర్లేదా! లోపల ఆ మాటంటే నవ్విపోతారు. షాపు లెక్కలు, కాగితాలు మీ ఆయన చూసేవాడన్నావుగా. ఏడీ ఆయన?"

అమ్మాయి అత్తగారి వైపు చూసింది. అత్తగారు నేలవైపు చూసింది.

"మావాడు పనిమీద పైఊరెళ్లాడమ్మా," అంది పెద్దావిడ. ఆ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

"పైఊళ్లో ఫోన్లు లేవా? కాగితాలు ఎక్కడ పెట్టాడో చెప్పడానికి నోరు లేదా?"

నా అరుపుకి వరండాలో జనం ఇటు తిరిగారు. వాళ్లలో ఒకాయన షాపులో బట్టలు వేసేవాడే కాబోలు, అమ్మాయిని చూసి పలకరింపుగా తలాడించాడు. ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది.

పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. "చావైతే మాఫీ చేస్తారా అమ్మా?"

"చేస్తారు. అయితే?"

"నేను పోయానని రాయమ్మా. అత్తగారు పోయింది, ఆ గొడవలో లెక్కలు పట్టించుకోలేదని రాసెయ్. ఇవాళ కాకపోతే రేపు పోయేదాన్నే కదా."

"లక్షణంగా ఉంది! చచ్చినావిడ సంచీ పట్టుకుని బయటే కూర్చుందని కూడా రాయమంటారా?"

అమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి, వీళ్లు చావుకన్నా పెద్దదేదో దాస్తున్నారని. కోపం దిగి భయం పట్టుకుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఆవిడ చావు ఎలా రాయాలా అని నేనూ ఒక్క క్షణం ఆలోచించాను. దొరికితే నా లైసెన్సు గోవిందా. అయినా ఆలోచించాను.

ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది. ఈసారి పెద్దావిడా మా వెనకే వచ్చింది. మా తర్వాతి వాళ్లు అప్పుడే గుమ్మంలో నిలబడి ఉన్నారు. బట్టలాయన కూడా వాళ్లలోనే ఉన్నాడు.

"ఊఁ, కారణం?" అన్నాడు ఆఫీసరు.

"మా క్లయింటు ఇంట్లో..." అని ఆగిపోయాను. ఆయన గడియారం చూసి ఫైలు మీద చెయ్యి వేశాడు.

"మావాడు తాగుతాడు సార్," అంది పెద్దావిడ.

ఆఫీసరు ఫైలు మీంచి చెయ్యి తీశాడు.

"తాగుడు మాన్పించే ఆసుపత్రిలో ఉన్నాడు. ఒకసారి బాగుపడి వచ్చాడు, మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ చేర్పించాం. కాగితాలు ఎక్కడ పెట్టాడో వాడికే తెలీదు. మొదట్లో నన్నే గుర్తుపట్టలేదు, మెతుకు ముట్టలేదు. ఎవరికీ చెప్పొద్దని కోడలి చేత ఒట్టేయించుకున్నది నేనే. దాని తప్పేం లేదు."

"అత్తయ్యా, ఊరుకోండి," అంది అమ్మాయి.

"ఊరుకునే కదే ఇంతదాకా తెచ్చాను."

ఆఫీసరు రాసుకున్నాడు. "ఆసుపత్రి నుంచి చీటీ తేగలరా?"

"సాయంత్రంలోగా తెస్తాను," అన్నాను నేను.

"తెండి. జప్తు ఆపుతున్నాను. చీటీ సరిగ్గా ఉంటే జరిమానా మాఫీకి రాస్తాను."

ఆయన కలం మూసి పెద్దావిడ వైపు చూశాడు. "ఇప్పుడెలా ఉన్నాడమ్మా మీ అబ్బాయి?"

ఆవిడ నోరు తెరిచింది. అంతమంది ముందు తొణక్కుండా అన్నీ చెప్పిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి కుర్చీ పట్టుకుని బావురుమంది. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇన్నాళ్లూ ఆవిణ్ణి ఆ మాట అడిగినవాళ్లే లేరు.

కోడలు వంగి ఆవిడ భుజాలు పట్టుకుని, ఆవిడ బదులు తనే జవాబు చెప్పింది.

"నిన్న ఆకలేస్తోందన్నాడు సార్."