గీత దిగని బకెట్

అచ్యుతరామరాజు గారి చెరువులో నీళ్లు ఎవరో కాజేస్తున్నారు. ఎవరో అన్నది మాటవరసకే. ఆ ఎవరో పక్క చెరువు దొరబాబేనని ఆయన ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఇక మిగిలింది రుజువు. భీమవరంలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషి, రుజువు లేకుండా ఒకరి మీద మాట వేస్తారా? వేయరు. లోపల్లోపల ఉడుకుతారు, అంతే.

రిటైరయ్యాక తన వాటాకొచ్చిన పొలంలో చెరువు తవ్వించి రొయ్యలు వేశారాయన. మేత వేసినా, నీళ్లలోకి గాలి పట్టించే చక్రాలు తిప్పినా ముందు ఒక సూత్రం చెప్పి గానీ పని మొదలుపెట్టరు. మనుషులు అబద్ధమాడతారు గానీ సూత్రం ఆడదని ఆయన నమ్మకం. ఈ నమ్మకంలో తప్పేం లేదు. కాకపోతే సూత్రాన్ని పట్టుకున్న చెయ్యి మనిషిదేనన్న సంగతి ఆయనకు ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఆయనకు ఇంకో సంగతి తెలుసు. అది ఇంట్లో భార్య సుభద్రమ్మ గారికి కూడా చెప్పలేదు.

మంగళవారం పొద్దున, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్లలో దింపే వల పళ్లాన్ని పైకి లాగారు. అందులో రెండు రొయ్యలు నీరసంగా ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. తల పెంకు మీద తెల్లటి చుక్కలు. చూడగానే ఆయనకు తెలిసిపోయింది. తెల్లమచ్చ వైరస్. దిగిందంటే వారం తిరక్కుండా చెరువును తుడిచిపెట్టేస్తుంది. నీళ్లు ఎటు పోతే రోగం అటు పోతుంది. అటూ ఇటూ చూసి ఆ రెండింటినీ జేబురుమాల్లో చుట్టి, గట్టు వెనకాల పాతిపెట్టేశారు.

ఈ రోగం కనబడినవాడు చేయాల్సినవి రెండు పనులు. చెరువు పట్టేయడం, అంటే ఉన్న రొయ్యలన్నీ వెంటనే పట్టి అమ్మేయడం; పక్కవాడికి చెప్పడం. మొదటిది అందరూ చేస్తారు. రెండోదానికి వచ్చేసరికి ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఒక్కసారిగా మతిమరుపు వచ్చేస్తుంది. మాట పొక్కితే కొనేవాడు ధర విరిచేస్తాడని భయం. పాలకొల్లు నుంచి రొయ్యలు కొనే చంద్రరావు శనివారం వలలతో దిగుతానన్నాడు. అప్పటిదాకా రొయ్య బతికుంటే చాలు, పెట్టిన పెట్టుబడైనా దక్కుతుంది.

బతకాలంటే నీళ్లు నిండుగా ఉండాలి. నీళ్లు తగ్గితే అదే ఎండకు ఎక్కువ కాగుతాయి, తెల్లారేసరికి ఎక్కువ చల్లారుతాయి. ద్రవ్యరాశి తగ్గితే ఉష్ణోగ్రతలో మార్పు పెరుగుతుందని ఎన్ని బ్యాచ్‌ల చేత ఇంపోజిషన్ రాయించారో ఆయన. జబ్బు రొయ్య ఆ మార్పుకు ఆగదు. చూస్తే మే నెల, కాలువలు కట్టేశారు, ఉన్నది ఒక్క బోరు. అది పోస్తూనే ఉంది, మట్టం దిగుతూనే ఉంది.

"ఎండలు మండిపోతున్నాయి కదండీ, ఆవిరైపోతున్నాయేమో," అన్నారు సుభద్రమ్మ గారు.

ఆ మాటతో ఆయనకు పరీక్ష తట్టింది. బుధవారం బోరు ఆపించి, ఒక ప్లాస్టిక్ బకెట్‌లో చెరువు నీళ్లు నింపి, చెరువు మెట్టు మీద జానెడు లోతు నీళ్లలో కదలకుండా నిలబెట్టారు. లోపలి మట్టానికి ఒక గీత, బయట చెరువు మట్టానికి ఒక గీత మార్కర్‌తో గీశారు. ఎండ రెండింటికీ ఒకటే, గాలీ ఒకటే. ఆవిరైతే రెండూ సమానంగా దిగాలి. మర్నాడు చూస్తే లోపల దాదాపు గీతను అంటుకునే ఉన్నాయి నీళ్లు. బయట రెండు వేళ్ల మందం దిగాయి.

ఆయనకు బాధ వేయలేదు. హమ్మయ్య అనిపించింది.

దొంగను చూపించడానికి కళ్ల ముందే ఇంకో సాక్ష్యం ఉంది. రెండు చెరువులకూ మధ్య గట్టు ఒక్కటే, దొరబాబు చెరువు కాస్త పల్లంలో ఉంది. ఆ గట్టు మీద దొరబాబు తాలూకు ఆకుపచ్చ పైపు చుట్ట పడి ఉంది, దాని కొస ఇటు తిరిగి ఉంది. మొన్నటిదాకా అక్కడ లేదది. పైగా దొరబాబు ఆ వారం పొద్దున్నే రెండు కొబ్బరి బొండాలు గట్టు మీద పెట్టి వెళుతున్నాడు. ఊరికే ఎందుకు పెడతాడు? ఒకప్పుడు తన దగ్గర చదివి ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పినవాడు. తప్పించిన మాస్టారికి బొండాలు పెట్టేంత ప్రేమ ఇప్పుడు ఎక్కడి నుంచి పుట్టుకొచ్చింది? ఆ బొండాలు తాగుతూనే ఆయన ఇదంతా ఆలోచించారు.

గురువారం సాయంత్రం, మనిషి మొహం చూసి రావాలని దొరబాబు షెడ్డు దగ్గరికి వెళ్లారు.

"రండి మాస్టారూ, కూర్చోండి. టీ తాగుదురు గాని," అంటూ దొరబాబు కుర్చీ తుడిచాడు.

"టీ ఎందుకులే. నీకు నీళ్లెలా ఉన్నాయి?"

"పర్లేదండి. కాలువ కట్టేసినా మట్టం బాగానే నిలబడిందండి. బోరు కూడా పెద్దగా వేయట్లేదండి నేను."

రాజు గారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. వేసవిలో బోరు వేయకుండా ఎవడి చెరువు నిలబడుతుంది?

"దొరబాబూ, సైఫన్ అంటే గుర్తుందా నీకు?"

"మీరు చెప్పినవి గుర్తుంటే రెండుసార్లు ఎందుకు తప్పుతానండీ," అని నవ్వాడు.

"ఎత్తు మీదున్న నీళ్లని కిందున్న చోటికి ఒట్టి పైపుతో లాగేయొచ్చు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. చప్పుడు కూడా రాదు." చప్పుడు అన్న మాట దగ్గర ఆయన కళ్లార్పకుండా చూశారు.

"భలే ఉందండి. ఇప్పుడు వింటుంటే తెలుస్తుందండి. అప్పుడు కుర్రతనం కదండీ, కిటికీ అవతలే ఉండేది నా బుర్ర."

తొణకలేదు, బెణకలేదు. ఎంత గుండె దిటవు వీడికి, అనుకున్నారు రాజు గారు. దొరబాబు తన వల పళ్లెం లాగి చూపించాడు. రొయ్యలు నిగనిగలాడుతూ ఎగిరిపడుతున్నాయి. అలవాటు కొద్దీ ఒకదాన్ని పట్టుకోబోయి, పొద్దున తన పళ్లెంలో పెట్టిన చెయ్యి అదేనని గుర్తొచ్చి ఆయన వెనక్కి తీసుకున్నారు. లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. నీళ్లు దొంగిలించేవాడి మీద నాకు జాలేంటని ఆ ముల్లును ఆయనే పీకి పారేశారు. ఇంటికి వెళుతూ బోరు మళ్లీ వేయించారు, అంచుల దాకా నింపమన్నారు.

శుక్రవారం పొద్దున బట్టల నీలిమందు సీసా చేతబట్టుకుని బయల్దేరుతుంటే, "చెరువుకి నీలిమందెందుకండీ?" అని అడిగారు సుభద్రమ్మ గారు. "ప్రయోగం," అన్నారాయన. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్ల కాపురంలో ప్రయోగం అన్న మాట తర్వాత అడిగిన ఏ ప్రశ్నకూ ఆవిడకు చిన్న జవాబు దొరకలేదు.

పైపు పడి ఉన్న మూల ఆయన కూర్చుని పరీక్షగా చూశారు. నీళ్ల మీది నురగ మెల్లగా గట్టు వైపు జరుగుతోంది. అంచున చిన్న సుడి. ఉంది, ఇక్కడే ఉంది. పైపు కొసను మట్టిలో పాతి దాచి ఉంటాడు. సీసా మొత్తం ఆ సుడిలో ఒంపి, గట్టెక్కి అవతలి పక్కకు దిగి, గడ్డి దుబ్బుల మధ్య గొంతుకూర్చుని కాపు కాశారు.

కాసేపటికి నీలం వచ్చింది. కానీ పైపులోంచి కాదు. గట్టు మొదట్లో, గడ్డి కింద నుంచి సన్నటి ధారగా వచ్చింది. గడ్డి పక్కకి తీస్తే పిడికిలి పట్టేంత బొరియ. పీత తవ్వింది. పీతలు రాకుండా దొరబాబు తన చెరువు చుట్టూ వల కట్టుకున్నాడు. రాజు గారు కట్టుకోలేదు. ఆ పీత ఆయన వైపు నుంచి గట్టెక్కి వచ్చిందే.

నీలపు చార దొరబాబు చెరువులోకి పాకి, వల పళ్లెం తాడును చుట్టి, గాలి చక్రం దగ్గర విడిపోయి కలిసిపోయింది. రాజు గారు దాన్నే చూస్తూ ఉండిపోయారు. లోతు పెరిగితే ఒత్తిడి పెరుగుతుంది. మట్టం దిగిందని బోరు వేసిన ప్రతిసారీ ఆయనే ఈ నీళ్లను ఇటు తోశారు. ఎన్నాళ్ల నుంచో. మంగళవారం నుంచి మాత్రం వట్టి నీళ్లు కాదు.

ఆ క్షణంలో ఆయనకు వచ్చిన ఆలోచన చెప్పుకోదగ్గది కాదు గానీ చెప్పాలి. రేపు నా చెరువు పట్టేస్తారు. తర్వాత ఇక్కడ రోగం బయటపడితే, ఎటు నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? రుజువేది?

"ఏం పోయింది మాస్టారూ, వెతుకుతున్నారు?"

దొరబాబు చేతిలో బొండాలతో నిలబడి ఉన్నాడు. రాజు గారు బొరియ చూపించారు. దొరబాబు బొండాలు కింద పెట్టి, చెయ్యి లోపలికి దోపి చూశాడు.

"అయ్యయ్యో. మీ నీళ్లన్నీ ఇటే వచ్చేస్తున్నాయండి. నా మట్టం ఎందుకు నిలబడిందో ఇప్పుడు తెలిసిందండి." ఒండ్రు మట్టి తీసి కుక్కడం మొదలుపెట్టాడు. "మీ చెరువు మట్టం తీస్తుందని నాలుగు రోజుల నుంచి చూస్తున్నానండి. నా బోరు నీళ్లు మీకు మళ్లిద్దామని ఆ పైపు కూడా తెచ్చి పడేశానండి. మిమ్మల్ని అడగడానికి మొహమాటమేసి, ఆ బొండాలు పెట్టి పోతున్నానండి. ఇది పూడ్చేసి మోటారు పెడతాను. మీ నీళ్లు మీకు తోడించేస్తానండి."

ఇంతకంటే ఒక దొంగ దొరికి ఉంటే బాగుండేదనిపించింది రాజు గారికి.

"తోడకు దొరబాబూ."

"పర్లేదండి, ఎంతసేపు."

"తోడకు. నా చెరువులో తెల్లమచ్చ వచ్చింది."

మట్టి కుక్కుతున్న చెయ్యి ఆగిపోయింది. దొరబాబు తన చెరువు వైపు చూశాడు. నీలం ఎక్కడా లేదిప్పుడు. నీళ్లు మామూలుగానే ఉన్నాయి.

"ఎప్పుడు కనబడిందండీ?"

"మంగళవారం."

దొరబాబు కేకలు వేయలేదు. చేతి మట్టి గడ్డికి తుడుచుకుంటూ నిలబడ్డాడు. "నిన్న సైఫన్ గురించి చెప్పారండి," అన్నాడు. "ఇది చెప్పలేదండి."

తర్వాత ఫోన్ తీసి వలల వాళ్లకు చేస్తూ షెడ్డు వైపు నడిచాడు. ఇవాళే పట్టేస్తే ఎంతో కొంత దక్కవచ్చు, దక్కకపోవచ్చు. రాజు గారు కూడా ఫోన్ తీసి, చంద్రరావుకి ఉన్నదున్నట్టు చెప్పారు. ధర గురించి అతను అంటున్న మాటలేవీ ఆయన చెవికి ఎక్కలేదు. మిగిలిన మట్టి తనే కుక్కి బొరియ పూడ్చి, తన చెరువు మెట్టు దగ్గరికి వచ్చారు. బకెట్ పెట్టిన చోటే ఉంది. లోపల నీళ్లు దాదాపు గీత దగ్గరే ఉన్నాయి.

దాన్ని పైకెత్తి ఒంపబోయి ఆగారు. మంగళవారం తర్వాత తోడిన ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలో ఆయనకు తోచలేదు.