తలుపుకి అడ్డం పెట్టిన గొడ్డలి

ఆ ఇంటి తలుపుకి గడియ సరిగ్గా పడదు. కాస్త గాలి వీస్తే చాలు, ధడేల్‌మని కొట్టుకుంటుంది. అందుకని దాని కింద ఒక పాత గొడ్డలి అడ్డం పెట్టేవాళ్ళు. రెండు పక్కలా ఉబ్బిన చెంపలు, లావుపాటి అంచు, చూడ్డానికి పంటి నొప్పితో ఉన్న మనిషి మొహంలా ఉండేది. ఒకప్పుడు అది ఆ ఇంటి ఇల్లాలి మామగారిది. ఆయన పోయాక కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు రాసి, "దీంతో వెన్న కూడా తెగదు" అని తలుపు దగ్గర పడేశాడు.

ఆ కొడుకే ఆమె మొగుడు. ఊళ్ళో పెద్ద కట్టెల అడితిలో ముందు మొద్దు అతనిది. అంటే గేటుకి ఎదురుగా, వచ్చేపోయే జనమంతా చూసే చోట కట్టెలు చీల్చే హక్కు. అడితి వెనక ఉన్న రెండు గదుల ఇల్లు కూడా ఆ మొద్దుతో పాటే వస్తుంది. మొద్దు పోతే ఇల్లూ పోతుంది.

అతని గొడ్డలి సన్నగా, తళతళలాడుతూ ఉండేది. రోజూ పొద్దున్నే సానరాయి మీద అరగంట రుద్ది, ముంజేతి మీద వెంట్రుకలు గీకి చూసుకునేవాడు. అతనే కాదు, అడితిలో మగాళ్ళందరిదీ అదే పిచ్చి. అందరి ఎడమ ముంజేతులూ గుండు కొట్టించినట్టు నున్నగా ఉండేవి. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో అంటురోగం కాబోలనుకుని నాలుగడుగులు దూరం జరిగేవాళ్ళు.

ఆ అడితిలో ఇంకో అలవాటు ఉంది. సాఫీగా ఉన్న కట్టె కొనేవాళ్ళకి, ముడులు పడి మెలికలు తిరిగి ఎవరికీ లొంగని మొద్దులు పనివాళ్ళ ఇళ్ళకి. వారానికోసారి తోపుడుబండి మీద వేసుకెళ్ళి, ఎవరి పెరట్లో వాళ్ళకి దొర్లించి పోయేవాళ్ళు. ఉచితమే కదా అని మగాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

ఆమె మధ్యాహ్నం ఆ తలుపు దగ్గరి గొడ్డలి తీసుకుని పెరట్లోకి వెళ్ళేది. సాయంత్రానికి మళ్ళీ అక్కడే పెట్టేది. మొగుడు వచ్చేసరికి తలుపు తెరిచి ఉండేది, పొయ్యి మండుతూ ఉండేది. అంతకుమించి అతనికి అక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాయి.

పోయిన వారం అతని భుజం జారింది. అడితి గేటు పక్కన ఒక మోడు మూడేళ్ళుగా పడి ఉంది. మోకాలెత్తు, చేతులు చుట్టినా అందనంత లావు, ఒళ్ళంతా ముడులే. ఎవరో "నీ వల్ల కాదులే" అన్నారు. అంతే, అయ్యగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సన్నటి గొడ్డలెత్తి సరిగ్గా నడిమధ్యన ఒక్క వేటేశాడు. గొడ్డలి పిడి దాకా దిగి, దిగినచోటే కూర్చుంది. కాలు తన్నిపెట్టి గుంజాడు. గొడ్డలి రాలేదు, భుజం వచ్చింది. ఆర్నెల్ల దాకా చెయ్యెత్తకూడదన్నాడు డాక్టరు.

నాలుగో రోజు మరిది వచ్చాడు. వస్తూనే గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడుగులేసుకుంటూ నడిచాడు.

"ఏంటయ్యా, ఇంట్లో నడక పెట్టావు?" అందామె.

"ఏం లేదొదినా. అడితి పెద్దాయన ముందు మొద్దు సోమవారం నుంచి నన్ను చూసుకోమన్నాడు. మా మంచం ఇక్కడ పడుతుందా లేదా అని..."

"మీ అన్న మంచం మీద ఉండగానే కొలుస్తున్నావా?"

మరిది నాలుక్కరుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు, కాస్త తొందరెక్కువ. "మిమ్మల్ని వీధిలో పడేస్తానా ఒదినా? ఆ వెనక చిన్న గది ఉందిగా, సర్దుకోవచ్చు."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ చిన్న గది ఒకప్పుడు బొగ్గులు పోసుకునేది. ఇంతకాలం గోడలకి సున్నం వేసి, నేల అలికి, కారే కప్పుకి తనే రేకులెక్కించి కాపాడుకున్న ఇల్లు. అడుగులతో కొలుచుకుని పోతాడట!

"సోమవారం దాకా ఎందుకు? రేపే తేలుద్దాం. ముందు మొద్దు దగ్గర నేను నిలబడతానని చెప్పు మీ పెద్దాయనకి."

మరిది నవ్వాడు. మంచం మీద మొగుడు మాత్రం ఒంటికాలి మీద లేచాడు. "నీకేమైనా మతి పోయిందా? నలుగురిలో నా తల తీసేస్తావా?"

"తల ఎక్కడికీ పోదులే. ఇల్లే పోయేలా ఉంది. నువ్వు పడుకో."

ఆమె వంగి తలుపు కింద నుంచి గొడ్డలి తీసింది. తలుపు ధడేల్‌మని మూసుకుంది.

గొడ్డలి తల కాస్త వదులైందని అప్పుడే చూసింది. "నీళ్ళ బాల్చీలో పడెయ్యొదినా, తెల్లారేసరికి కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది" అన్నాడు మరిది. అడితిలో అందరూ చేసేది అదే.

"ఉబ్బింది ఎండకి ఆరదా? మధ్యాహ్నానికి ఊడి ఎవడి నెత్తి మీద పడుతుందో వాడి అదృష్టం." ఎండిన గట్టి కట్టెతో వేలంత చీల చెక్కి, కర్ర నెత్తిన దిగ్గొట్టింది. రెండుసార్లు విదిలించి చూసింది. కదల్లేదు. సానరాయి జోలికే పోలేదు.

మర్నాడు పొద్దున్నే అడితికి వెళ్ళేసరికి అప్పటికే జనం పోగయ్యారు. కబురు మోసింది ఎవరో చెప్పాలా? మరిది నోట్లో నువ్వుగింజ నానదు. పెద్దాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మనిషి మర్యాదస్తుడే, నవ్వాపుకోవడం మాత్రం చేతకావడం లేదు.

"సరేనమ్మా, ముచ్చట పడుతున్నావు. గోడకి ఇన్ని గొడ్డళ్ళున్నాయి, నీకు నచ్చింది తీసుకో" అన్నాడు.

ఆమె ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూసింది. మొదటిది సన్నటి అంచు. "ఇది చెట్టు నరకడానికి పనికొస్తుంది. నిలువుగా చీల్చబోతే కట్టె కరిచి పట్టుకుంటుంది." రెండోది ఇంకా సన్నం. "ఇది గడ్డం గీసుకోవడానికి." పక్కనున్నవాళ్ళు నున్నటి ముంజేతులు చొక్కాల్లోకి లాక్కున్నారు. మూడోది పెద్దది, కావాలనే తెచ్చి చేతిలో పెట్టారు. "బరువు బాగుంది. ఎత్తగలను, పది వేట్లు కూడా వేయగలను. పదకొండోది నా కాలి మీద పడుతుంది. వద్దు."

తను తెచ్చుకున్న గొడ్డలి చూపించింది. మగాళ్ళు గొల్లుమన్నారు. "అది తలుపుకి అడ్డం పెట్టుకునేది కదే!" అని అరిచారెవరో.

"అవును. ఒక సమ్మెట, రెండు లావుపాటి ఇనుప చీలలు కూడా ఇప్పించండి" అంది.

"ఏ మొద్దు కొడతావు?" అడిగాడు పెద్దాయన.

ఆమె గేటు పక్కన మోడు వైపు చెయ్యి చూపించింది. మొగుడి గొడ్డలి ఇంకా దాని నడినెత్తిన అలాగే దిగబడి ఉంది. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి.

"ముందా గొడ్డలి పీకించనా?" అన్నాడు మరిది, ఈసారి కాస్త భయంగానే.

"ఉండనీ. అది మధ్యలో ఉంది. నాకు మధ్యతో పని లేదు."

మోడు చుట్టూ గొంతుక్కూర్చుని తిరిగింది. మూడేళ్ళ ఎండకి నెత్తి మీద నెర్రెలు పడ్డాయి. ఏ నెర్రె అంచు దాకా వచ్చిందో, ఏది ముడి దగ్గర ఆగిపోయిందో వేలితో తడిమి చూసింది. తర్వాత కొంగు నడుముకి చుట్టి దోపి, కాళ్ళు ఎడంగా పెట్టి, అంచుకి నాలుగు వేళ్ళ లోపల మొదటి వేటేసింది.

లావు చెంపల గొడ్డలి లోపలికి దిగలేదు. కట్టెని పక్కకి తోసింది. చెక్క ఒకటి ఫట్‌మని ఊడి గేటు దాకా దొర్లింది.

ఇక ఆగలేదు. అంచు వెంబడి చుట్టూ ఒలుచుకుంటూ పోయింది, ముడి ఎదురైతే దాన్ని పక్కకి వదిలి అవతల నుంచి వచ్చింది. కంగారు లేదు. వేటుకీ వేటుకీ మధ్య ఊపిరి పీల్చుకుంది, నీళ్ళు తాగింది. అరచేయి బొబ్బలెక్కుతుందేమో చూద్దామని వచ్చినవాళ్ళకి నిరాశే మిగిలింది. ఆ చేతులకి బొబ్బలెక్కే రోజులు ఎప్పుడో పోయాయి. ఎండ నెత్తి మీదికొచ్చేసరికి మోడు సగమైంది. మిగిలిన నడిముక్కలో పెద్ద నెర్రె చూసి ఇనుప చీల పెట్టి సమ్మెటతో మోదింది. మొదటి చీల మునిగింది. రెండోది సగం దిగేసరికి లోపలెక్కడో ముసలివాడు మూలిగినట్టు వినిపించింది. మోడు రెండుగా విచ్చుకుని పడింది. మొగుడి గొడ్డలి ఎవరూ ముట్టుకోకుండానే నేల మీద పడి ఠంగుమంది.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడ నేర్చావమ్మా ఇదంతా?"

అప్పుడొచ్చింది ఆమెకి అసలు కోపం. పొద్దున్నుంచీ వాళ్ళు నవ్వినందుకు రాలేదు, ఈ ప్రశ్నకి వచ్చింది.

"పంతొమ్మిదేళ్ళుగా మీ మగాళ్ళు చీల్చలేని మొద్దులన్నీ ఎవరిళ్ళకి పంపారు పెద్దయ్యా? అవన్నీ ఏమయ్యాయనుకున్నారు? మా పొయ్యిలో వాటంతటవే పడుకుని మండాయనుకున్నారా? మీ వాళ్ళు రోజంతా నున్నటి కట్టె కొట్టి చేతులు నొప్పెడుతున్నాయని ఇంటికొచ్చేవాళ్ళు. ముడిమొద్దులన్నీ నేను కొట్టాను!"

"మా ఇంట్లో నేను కొట్టాను!" గేటు దగ్గర్నుంచి ఒక గొంతు ఖంగున మోగింది. చూస్తే తోటికోడలు, మరిది పెళ్ళాం. మరిది జనం వెనక్కి జరిగాడు. ఆమె వెనక ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, అందరూ పనివాళ్ళ ఇళ్ళవాళ్ళే, "మా ఇంట్లోనూ అంతే" అన్నారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "సరే సరే. పని నీదే. ఇల్లూ నీదే. కాకపోతే వెనక షెడ్డులో కొట్టుకోమ్మా. ఆడమనిషి చేత కట్టెలు కొట్టిస్తున్నాడని జనం నన్నంటారు."

"పెరట్లో కొట్టినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదేం? నేను వెనక్కి పోను. ముందు మొద్దంటే ముందే. ఇంకోటి. ఈ వారం నుంచి ముడిమొద్దు ఒక్కటి కూడా ఇళ్ళకి రాకూడదు. ఇళ్ళకి మంచి కట్టె పంపండి. ముడులన్నీ ఇక్కడే, అడితి పనిగా కొడతాను."

పెద్దాయన చుట్టూ చూశాడు. గేటు దగ్గర ఆడవాళ్ళు అంగుళం కదల్లేదు. కట్టెలు కొనడానికొచ్చిన జనం కూడా వేడుక చూస్తున్నారు. చివరికి చేతులెత్తేసి, "అలాగే తల్లీ" అన్నాడు.

ఆమె ఆ రోజు పొద్దుగూకే దాకా ముందు మొద్దు దగ్గరే పనిచేసింది.

గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. గాలి ఈడ్చి కొడుతోంది, అయినా తలుపు కదలడం లేదు. కింద చూసింది. మొగుడి గొడ్డలి. మరిది తెచ్చిచ్చి ఉంటాడు. అదే సన్నటి అంచు, అదే తళతళ, తలుపు కింద బుద్ధిగా ఒదిగి ఉంది.

మొగుడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"అన్నీ చెప్పాడు తమ్ముడు" అన్నాడు. "ఇన్నేళ్ళు ఒక్కసారైనా పెరట్లోకి తొంగి చూడలేదే నేను. సిగ్గుగా ఉంది."

ఆమెకి ఏడుపొచ్చేలా ఉంటే ఇంకా కోపమొచ్చింది. వంగి అతని గొడ్డలి తలుపు కింద నుంచి తీసింది. దుమ్ము తుడిచి అతని ఎడం చేతిలో పెట్టింది.

"దీన్ని ఇక్కడ పెట్టకు, పదును పోతుంది. చితుకులు చీల్చడానికి ఇంతకంటే మంచిది లేదు. పొయ్యి ఇంకా ముట్టించలేదు, పెరట్లోకి నడు."

"ఎడం చేత్తోనా?"

"నేను ఏ చేత్తో మొదలుపెట్టానో నన్నెవరైనా అడిగారా?" అంది. తలుపుకి ఒక రాయి దొర్లించి అడ్డం పెట్టింది.