సున్నాతో ముగిసే తూకాలు

నిజంగా తూచిన సరుకు సున్నా దగ్గర ఆగడం అరుదు. ముప్ఫై ఏళ్లుగా కాటాలు అమ్ముతున్నాను, బాగుచేస్తున్నాను. నాకు వంటబట్టిన చదువల్లా ఇదే. నూట నలభై మూడు, ఎనభై ఏడు, రెండొందల పదకొండు అని రాసి ఉంటే ఆ మనిషి తూచినట్టు. యాభై, వంద, నూటయాభై అని వరసగా కనబడితే కాటా వైపు కన్నెత్తి కూడా చూడలేదన్నమాట. ఈ ఒక్క కిటుకుతో చాలామంది గుమాస్తాలను పట్టుకున్నాను. సొంత మేనకోడలిని కూడా దీనితోనే పట్టుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఇంట్లో దాని పేరు ఛీఛీ. పాల మీద మీగడ చూసినా, తడి తువ్వాలు చేతికి తగిలినా, పక్కింటి పిల్లాడి ముక్కు చూసినా ఆ మాటే అనేది. భోజనాల దగ్గర ఎవరైనా తుమ్మితే కంచం వదిలేసి లేచిపోయేది. అలాంటి పిల్ల చదువు అయ్యాక ఆసుపత్రి పనిలోనే చేరతానంది.

వాళ్ల నాన్న, అంటే మా బావ, పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. ఎవరైనా వింత బేరం పెడితే ముందు కారణం అడగడం నా అలవాటు. అడిగాను. మా అమ్మ మంచం పట్టిన ఆరు నెలలూ ఇంటికి ఒక నర్సు వచ్చి వెళ్లేది. ఆ సంగతి ఎత్తింది పిల్ల.

"మనమందరం గుమ్మం దగ్గర ఆగి ఎలా ఉందని అడిగేవాళ్లం మామయ్యా. ఆవిడొక్కతే లోపలికెళ్లి మంచం మీద కూర్చునేది. అమ్మమ్మ చివరిదాకా ఆవిడ మొహమే చూసింది. నేనూ గుమ్మం దగ్గరే నిలబడ్డాను."

 నేనూ ఆ గుమ్మం దగ్గరి వాణ్ణే.

సరే, పిల్ల పట్టు విడవదని తేలాక, ఏ పనిలో రోత తక్కువో బేరీజు వేయడానికి నేనూ బావా కూర్చున్నాం. ల్యాబులో సీసాలు, ఆ సీసాల్లో ఏముంటుందో చెప్పక్కర్లేదు. పళ్ల డాక్టరు దగ్గర ఉమ్ము. మందుల చదువుకు మార్కులు చాలలేదు. కళ్ల ఆసుపత్రిలో సీట్లు నిండిపోయాయి. చివరికి నర్సు శిక్షణలో పురుళ్ల విభాగం మిగిలింది. అది నాకు ఎంతో నచ్చింది. అక్కడికి వచ్చేవాళ్లకు రోగం ఉండదు, ఏడుపు ఉండదు, ఇంటికి ఇద్దరై వెళతారు, గదంతా పౌడరు వాసన. బావ కూడా తలూపాడు. అక్క ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి. మడతపెడుతున్న బట్టలు ఒళ్లో వదిలేసి మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. ఎందుకు నవ్విందో మేం అడగలేదు. ఇంత చక్కటి లెక్కలో తప్పేముంటుందని మా ధీమా.

మొదటి నెలలోనే ఛీఛీ కాన్పు చూస్తూ కళ్లు తిరిగి పడిపోయింది. రెండో నెల, బిడ్డ వెనకాల వచ్చే మాయను పళ్లెంలో చూసి మళ్లీ పడింది. ఆ ఆసుపత్రిలో అందరూ పెద్ద సిస్టర్ అని పిలిచే ఆవిడ, పొట్టిగా, నిద్ర చాలని కళ్లతో ఉంటుంది. కోపం లేకుండానే చెప్పిందట. పడిపోయిన నర్సును పట్టుకోవడానికి ఇంకో నర్సు కావాలి, అంతమంది నా దగ్గర లేరు, మూడోసారి పడితే ఇంటికి వెళ్లిపో అని. బావ ఆ మూడోసారి కోసమే కాచుకుని ఉన్నాడు. నా కొట్టులో దానికో కుర్చీ కూడా ఖాయం చేశాడు, నాతో ఒక మాటైనా అనకుండా.

ఆ ఆసుపత్రి కాటాలు నేను అమ్మినవే. ఆరు నెలలకోసారి వెళ్లి తూకపు రాళ్లు పెట్టి సరిచూసి వస్తాను. ఆ రోజు వెళ్లేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. వరండాలో ఒక కుర్రాడు పసిబిడ్డ బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాప పుట్టి గంటన్నర అయిందని, భార్య అలసిపోయి కునికిపాట్లు పడుతోందని, ఊరికే ఆవలిస్తూ దాహం దాహం అంటోందని నేను అడక్కుండానే చెప్పాడు. సంతోషమన్నాను.

రెండు కాన్పు గదులకు మధ్య ఒక ఇరుకు గది ఉంటుంది. ఒక స్టీలు సింకు, మూత ఉన్న బకెట్టు, గట్టు మీద నా చిన్న కాటా. బాలింత కింద పరిచిన ప్యాడ్లను అక్కడ తూస్తారు. పొడి ప్యాడు ముప్ఫై గ్రాములు. తడిసినదాని బరువులోంచి ముప్ఫై తీసేస్తే పోయిన రక్తం ఎంతో తెలుస్తుంది. ఒక గ్రాము అంటే ఒక మిల్లీలీటరు కిందే లెక్క. కంటికి రక్తం లెక్క సరిగా అందదట. తెల్లగుడ్డ మీద కొంచెం పడితే ఎక్కువనిపిస్తుంది, మందపాటి ప్యాడు ఎంత పీల్చినా తక్కువనిపిస్తుంది. అయిదు వందలు దాటితే ఉన్నపళంగా పిలవాలని గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

ఛీఛీ ఆ గది తలుపు దగ్గర, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడే పక్క గదిలోంచి పెద్ద సిస్టర్ తల బయటపెట్టింది. లోపల ఇంకో ఆవిడ నొప్పులతో అరుస్తోంది.

"ఒకటో గది ఎంతయింది?"

"రెండొందల యాభై సిస్టర్."

"బాగానే ఉంది," అంటూ తలుపు మూసుకుంది.

నేను పెట్టె తెరిచి, వంద గ్రాముల రాయి పెట్టాను. వంద. రెండొందలది పెట్టాను. రెండొందలు. కాటాలో వెంట్రుకవాసి తేడా లేదు. పని అయిపోయిందనుకుంటూ తల ఎత్తితే, గోడకు వేలాడుతున్న కాగితం కనబడింది. పై వరసలు ఎవరో నిన్న రాసినవి: నలభై ఏడు, అరవై రెండు, ముప్ఫై తొమ్మిది. కింద ఈ రోజువి, మా పిల్ల ముత్యాల్లాంటి దస్తూరి: యాభై, యాభై, వంద, యాభై.

ఆ వరసల మీద వేలు పెట్టాను.

"ఇవి నువ్వు తూచినవేనా?"

అది కాగితం వైపు చూసింది, బకెట్టు వైపు చూడలేదు. "చూసి రాశాను మామయ్యా."

"ఎక్కణ్ణుంచి చూశావు?"

"ఇక్కణ్ణుంచే." "ముట్టుకుంటే పడిపోతాను. పడిపోతే పంపించేస్తారు. ఆవిడ బాగానే ఉంది, మాట్లాడుతోంది కూడా..."

"దాహం అంటోందట," అన్నాను.

ఆ మాటతో దాని మొహంలో రంగు పోయింది. దాహానికి అర్థమేమిటో నాకు అప్పటికి తెలియదు; ఒంట్లో రక్తం తగ్గితే దాహం వేస్తుందని దానికి పాఠంలో చెప్పి ఉంటారు.

నా ముందు రెండు దారులున్నాయి. పెద్ద సిస్టర్ ఉన్న గది తలుపు నేను కొడితే ఆ బాలింత గట్టెక్కుతుంది, మా పిల్ల ఈ సాయంత్రానికే నా కొట్టులో కుర్చీలో ఉంటుంది. తూయిస్తే రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలూ మావి కావు, పక్క గదిలో ఆవలిస్తున్న మనిషివి. ఒకరి ప్రాణంతో మా ఇంటి పిల్లకు పాఠం చెప్పే హక్కు నాకు లేదు. అయినా రెండు వేళ్లు చూపించి అన్నాను.

"రెండు నిమిషాలు. తూస్తావా, పిలవనా?"

గ్లవ్స్ తొడుక్కుంది. వేళ్లు తప్పుడు సందుల్లో దూరితే, తీసి మళ్లీ తొడుక్కుంది. బకెట్టు మూత తీయగానే ఒక వాసన, తడిసిన ఇనుప రాళ్ల వాసన లాంటిది, గది నిండింది. ఏడు ప్యాడ్లున్నాయి, కాగితం మీద నాలుగే వరసలు. 

కొత్త గుమాస్తాలకు చెప్పేదే చెప్పాను. "పళ్లెం చూడకు అమ్మడూ. అంకె చూడు. అంకె పైకి చదువు, తీసివేత నేను చేస్తాను."

మొదటిది పెట్టింది. "నూట పద్దెనిమిది."

"ఎనభై ఎనిమిది."

"నూట నలభై ఆరు."

"నూట పదహారు. మొత్తం రెండొందల నాలుగు."

మూడోది ఎత్తుతుంటే అంచు నుంచి ఒక చుక్క దాని మణికట్టు మీద పడింది. పళ్లెంలో పెట్టి, "తొంభై ఏడు," అని చదివి, సింకు వైపు తిరిగి కక్కుకుంది. నేను చెయ్యి చాచేలోపే మోచేత్తో నోరు తుడుచుకుని నిలబడింది. ఆ మూడో ప్యాడుకే రెండొందల డెబ్భై ఒకటి అయింది. కాగితం మీద ఉన్న మొత్తం దాటిపోయింది. బకెట్టులో ఇంకా నాలుగున్నాయి.

"నూట డెబ్భై ఒకటి."

"నాలుగొందల పన్నెండు."

"నూట అరవై మూడు."

"నూట ముప్ఫై మూడు. అయిదొందల నలభై అయిదు. ఇంకా రెండే, తొందరగా కానీ."

అది అప్పటికే తలుపు దగ్గరుంది. సరుకు సగంలో వదిలేస్తే ఊరుకోని మనిషిని కదా, మొత్తం తేలనీ అన్నాను.

"మొత్తంతో పనేముంది మామయ్యా, గీత దాటింది."

పెద్ద సిస్టర్ గది తలుపు రెండు దరువులు కొట్టి, ఒకటో గదిలోకి పరిగెత్తింది. గుమ్మం దగ్గర ఆగలేదు.

ఆ తరవాత నాకు వినబడిందే తప్ప కనబడింది లేదు. పెద్ద సిస్టర్ అడుగులు. కాళ్లవైపు మంచం ఎత్తిన చప్పుడు. పొత్తికడుపు గట్టిగా రుద్దమని, ఇంజెక్షన్లు ఇమ్మని, డాక్టరును పిలవమని ఒకదాని మీద ఒకటి మాటలు. వాటి మధ్య మా పిల్ల గొంతు, ఆ బాలింతతో: "నావైపు చూడక్కా. కళ్లు మూయకు. పాపకు ఏం పేరు అనుకున్నారు?" నేను గట్టు వైపు తిరిగి, అంకె కాకుండా పళ్లెం చూశాను. అంతే, గది ఒక్క చుట్టు తిరిగింది. రాళ్ల పెట్టె మీద కూలబడి తల కిందికి వంచుకున్నాను. ముప్ఫై ఏళ్ల తూకంలో నా గుండె బరువు ఎంతో ఆ రోజు తెలిసింది.

లోపల మాయ ముక్క ఒకటి మిగిలిపోయిందట. డాక్టరు వచ్చి తీశాడు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. నాలుగు గంటలకు రక్తం ఆగింది. వరండాలో కుర్రాడికి కబురు చెబితే, సంచి కింద పడేసి గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాడు.

పెద్ద సిస్టర్ ఇరుకు గదిలోకి వచ్చింది, వెనకాల ఛీఛీ. మిగిలిన రెండూ తూయించింది. మొత్తం ఏడొందల ఇరవై ఏడు. కాగితం మీద రెండొందల యాభై. ఆవిడ కాగితాన్ని, కాటాను, నన్ను చూసింది.

"కాటా తప్పు చూపిస్తోందా?"

నా నోటి దగ్గర మాట సిద్ధంగా ఉంది. అవునంటే సరిపోతుంది. కాటాకు ఉద్యోగం పోదు. నా పేరు కొంచెం మాసిపోతుంది, దాన్ని కడుక్కోవడం నాకు తెలుసు. బేరంలో ఇంతకంటే పెద్ద అబద్ధాలే ఆడాను. నోరు తెరిచాను.

"కాటా సరిగ్గానే ఉంది సిస్టర్," అంది ఛీఛీ. "నేనే తూచలేదు. భయపడి, దూరం నుంచి చూసి రాశాను. మామయ్య చూసి తూయించాడు."

పెద్ద సిస్టర్ కాగితం మీది అంకెలు మరోసారి చదివింది. 

"మూడోసారి పడిపోతే పంపిస్తానన్నాను," అంది చివరికి. "ఇది పడిపోవడం కంటే చెడ్డది. నేను ఆ రెండొందల యాభైని నమ్మి తలుపు మూశాను."

"తెలుసు సిస్టర్."

"ఇందాక పడిపోయావా?"

"లేదు. కక్కాను."

"కక్కడానికి సింకు ఉంది." ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఇది పైకి పంపిస్తాను. వాళ్లు ఏం చేస్తారో నా చేతిలో లేదు."

పైవాళ్లు దాని మొదటి ఆరు నెలల శిక్షణా కొట్టేశారు. మళ్లీ మొదటి నుంచి, అదీ ఆ ఇరుకు గది నుంచే, ఇష్టమైతే ఉండు, లేకపోతే లేదు అన్నారు. అంతకంటే వెళ్లిపోవడమే నయమని బావ వాదించాడు. కొట్టులో కుర్చీ ఖాళీ లేదని నేను చెప్పాను. ఈసారి బట్టలు మడతపెడుతున్న అక్క నవ్వలేదు, కూతురి యూనిఫాం తీసి దాని ఒళ్లో పెట్టింది.

మళ్లీ ఆరు నెలలకు రాళ్ల పెట్టె పట్టుకుని వెళ్లాను. ఛీఛీ పక్క గదిలో ఉంది, గొంతు వినబడుతోంది. కాటా చూసి, తరవాత గోడ మీద కాగితం చూశాను. అరవై ఎనిమిది, నలభై ఒకటి, తొంభై మూడు, అన్నీ మా పిల్ల దస్తూరే. నాలుగో వరసలో ఠక్కున కన్ను ఆగింది. వంద.

 దగ్గరికి వెళ్లి కళ్లజోడు పెట్టుకుని చూశాను. దాని పక్కనే చిన్న అక్షరాలతో రాసి ఉంది: నిజంగానే వంద, మూడుసార్లు తూచాను.