డబల్ సీటు

బస్సెక్కితే గిరిజమ్మ కడుపు ఆమె మాట వినదు. డీజిల్ వాసన తగలగానే నోట్లో నీళ్లూరతాయి. జహీరాబాదు బస్టాండు దాటీ దాటకముందే తల కిటికీలోంచి బయటికి పెట్టాల్సిందే. నిమ్మకాయ వాసన చూసింది, చింతపండు చప్పరించింది, ఎవరో చెబితే నడుముకు తడిగుడ్డ కూడా చుట్టుకుంది. ఏదీ పనిచేయలేదు. అందుకే షోలాపూర్‌లో కాపురముంటున్న అక్క అనంతమ్మ మొహం చూసి ఏళ్లు గడిచిపోయాయి. అక్క మోకాళ్లు పట్టేసి ఇల్లు కదలలేదు, చెల్లెలు బస్సెక్కలేదు. ఇద్దరికీ నడుమ బొంబాయి రోడ్డు తన మానాన తాను పడి ఉంది.

భర్త మహాదేవప్ప మోటార్ సైకిల్ కొంటానన్న రోజున ఆమె చెయ్యి రొట్టె పిండి మీదే ఆగిపోయింది. మోటార్ సైకిల్‌కు కిటికీ ఉండదు. అంతా గాలే.

మహాదేవప్పది అల్లం వ్యాపారం. "కోహీర్ పోవాలె, న్యాల్‌కల్ పోవాలె, చేన్లకాడ నిలబడి అల్లం చూడాలె. బస్సు కోసం ఎదురుచూసుడు ఇగ నాతోని కాదు" అన్నాడు. అంతకుమించి ఇంకో కారణమేదీ చెప్పలేదు. నన్ను కూడా ఎక్కించుకుంటారా అని ఆమె అడగలేదు. అడిగితే వచ్చింది వేరు, అడగకుండా వచ్చింది వేరు అని గిరిజమ్మకు మొదటినుంచీ ఒక పట్టింపు.

బీదర్ రోడ్డులో మాణిక్ దుకాణం ముందు రెండు బండ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒకటి సాదా, ఇంకొకటి డీలక్స్. "ఇంజను రెండిటికీ ఒక్కటే సావుకార్, కట్టుకున్న బట్టలే వేరు" అన్నాడట మాణిక్. సాదాబండి నల్లగా, పనికిపోయే మనిషిలా ఉంటుంది. డీలక్స్ ట్యాంకు వెండిచెంబులా మెరుస్తుంది, హ్యాండిల్‌కు రెండు వైపులా అద్దాలు. బట్టల కొట్టు వీరప్ప రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని స్నేహితుడికి డీలక్స్ గుణగణాలు వర్ణించి చెప్పేవాడు, తనే అమ్ముతున్నట్టు.

ఆ సాయంత్రం గిరిజమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి వీరప్ప అంటున్నాడు: "గా ట్యాంకిల మొహం చూసుకొని మీసం దువ్వుకోవచ్చు. గది ఇడిసిపెట్టి నల్లది కొంటవా? అల్లం మూటలు మోసి మోసి నీ బుర్ర గూడ అల్లమైంది."

"మనసు దాని మీదనే ఉన్నది" అన్నాడు మహాదేవప్ప. "కని డబల్ సీటు నాకొద్దు వీరప్పా. సాదాదే ఖాయం."

గిరిజమ్మ గ్లాసులు అరుగు మీద పెట్టింది. కొంచెం గట్టిగానే పెట్టింది.

డబల్ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. సైకిలు మీద పోయే పిల్లలు "డబల్ పోదాం రా" అని పిలుచుకుంటారు. వెనక ఇంకొకరు ఎక్కడం. అది వద్దంటున్నాడు ఈయన. వెనక మూటలు కట్టుకుంటాడు కాబోలు.

రాత్రి తినేటప్పుడు మహాదేవప్ప పచ్చడి అడిగాడు.

"పక్కనే ఉన్నది. వేసుకోండ్రి."

"గొంతు గట్లున్నదేంది?"

"దుమ్ము వడ్డది."

ఆ దుమ్ము మర్నాడు పొద్దున కూడా పోలేదు. పక్కింటి బాలమణి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చినప్పుడు గిరిజమ్మ తల కూడా ఎత్తలేదు.

"వదినా, అన్న సంగతి నీకు తెల్వదా? మొన్న మా ఆయన కండ్లార చూసిండట. మాణిక్ బండి నడుపుతుంటే అన్న ఎనక కూసున్నడు. ఎట్ల కూసున్నడనుకున్నవ్? ఆడోళ్ల లెక్క, రెండు కాళ్లు ఒక్క దిక్కు ఏసుకొని, ధోతి అంచు చేతుల పట్టుకొని."

"పరాచికాలు వద్దు బాలమణీ. నాకు పనున్నది."

"ఒట్టు వదినా. మొదలు మెరిసే బండి మీద పొయ్యిన్రు. గుంత రాంగనే అన్న జర్రున జారి కిందికి రాబోయిండు. మల్ల నల్లబండి మీద పొయ్యిన్రు. బజారంత నవ్వుడే. పెండ్లిపిల్లను ఏ ఊరికి పంపుతున్నరయ్యా అని అడిగిన్రట."

"ఈయనకేం పుట్టింది గట్ల?"

"మాణిక్ గూడ గదే అడిగిండట. దానికి అన్న, షోలాపూర్ దాంక కూసోవాల్సిన మనిషి ఇంట్ల ఉన్నది, నడిపేటోడు ఎట్లనన్న పోతడు, ఎనకటి మనిషికి ఎట్లుంటదో చూడొద్దా అన్నడట."

గిరిజమ్మ చేతిలో పని పక్కన పెట్టి లేచింది. తర్వాత బాలమణికి అడక్కుండానే చాయ్ పోసి ఇచ్చింది.

మధ్యాహ్నం భర్త రాగానే ఎదురు వెళ్లి నిలబడింది. "డబల్ సీటు వద్దంటిరి కదా వీరప్పతోని. అంటే ఏంది?"

"ఇద్దరికి కలిపి పొడుగు పరుపు లెక్క ఉంటది, గది. నున్నగ ఉంటది, జారుతది. సాదాబండికి సీట్లు విడివిడిగ ఉంటయి. ఎనకాలదానికి కింద స్ప్రింగులు, పట్టుకునేటందుకు కడ్డీ. నడుముకు సుఖం." చెప్పి ఆమె మొహంలోకి చూశాడు. "నువ్వేమనుకున్నవ్?"

"ఏమనుకోలే."

"రెండు పూటలు పచ్చడి నేనే వేసుకున్న. ఏమనుకోకుంటనే?"

గిరిజమ్మకు నవ్వొచ్చింది. "పోదాం నడువున్రి. కూసొని చూసేది నేను కదా."

మాణిక్ దుకాణం ముందు పది మంది చూస్తుండగా ఆమె కొంగు నడుముకు దోపుకుని ముందు నల్లబండి ఎక్కింది. వెనకసీటు మెత్తగా, పీట మీద దిండు వేసినట్టుగా ఉంది. చేతికి కడ్డీ అందింది. ముందున్న మహాదేవప్ప వీపు మాత్రం పక్కింటి గోడంత దూరంలో ఉంది. దిగి డీలక్స్ ఎక్కింది. మాణిక్ బండిని కొంచెం ఊపగానే ఆమె జారబోయి భర్త భుజం గట్టిగా పట్టుకుంది. బజారులో, పట్టపగలు. ఆ చెయ్యి వెంటనే తీయలేదు.

"ఏది బాగున్నదక్కా?" అన్నాడు మాణిక్.

"ఇదే."

"జారుతది కదక్కా."

"పట్టుకుంట."

మహాదేవప్ప చెవులు ఎర్రబడ్డాయి. ట్యాంకును తుడుస్తున్నట్టు వంగి మొహం దాచుకున్నాడు.

"చీర చక్రంల పడకుండ ఇనుప జాలి కొట్టిస్త, కాళ్లకింద పలక పెట్టిస్త" అన్నాడు మాణిక్. "కడ్డీ గూడ పెట్టియ్యాల్నా?"

"కడ్డీ ఎందుకు?" అంది గిరిజమ్మ.

ఆదివారం పొద్దున బండి ఇంటికొచ్చింది. ఇద్దరూ బొంబాయి రోడ్డెక్కారు, ఊరికే చూద్దామని. లారీలు ఎదురొచ్చినప్పుడల్లా ఆమె వేళ్లు భుజంలో దిగబడేవి, లారీ పోయాక వదులయ్యేవి. అల్లం చేలు దాటాయి, చెరకు దాటింది. కన్నడం రాసిన మైలురాళ్లు కనబడడం మొదలైంది. ఇంత దూరం ఆమె కడుపు ఎప్పుడూ నిమ్మళంగా రాలేదు. మహాదేవప్పకు లోపల బెంగగానే ఉంది. వేగం తగ్గించి, తల కొంచెం వెనక్కి తిప్పాడు.

"గిరిజా, కడుపుల ఎట్లున్నది? తిరిగి పోదామా?"

గాలికి ఆమె జవాబు వినబడలేదు. చెవి దగ్గరికి వంగి మళ్లీ చెప్పింది.

"ఆకలైతున్నది."